సేవ్ కాదు సార్

"ఆ ప్రింటు సెట్టింగులన్నీ కంప్యూటర్లనే దాచిపెట్టు శ్యామలా. ఎవరు నొక్కినా కాగితం ఒక్కతీరుగ రావాలె," అన్నాడు రాజారాం.

మౌస్ మీద శ్యామల చెయ్యి ఆగిపోయింది.

"అవి సేవ్ కావు సార్."

"ఎందుక్కావు? ఇల్లుకు ఇల్లే సేవ్ అయితది, గిదొక్కటి కాదా?"

"బొమ్మ అయితది సార్. ప్రింటు సంగతి వేరే. కాగితం సైజు, స్కేలు, ఏ గీత ఎంత మందం రావాలె... ప్రతి ప్లానుకు మళ్ల మొదటికెల్లి పెట్టుకోవాల్సిందే."

అబద్ధం. పేజ్ సెటప్ అనే చోట అవన్నీ ఒక్కసారి పెట్టి, ఒక పేరిచ్చి దాచుకుంటే చాలు. తర్వాత ఏ ప్లానుకైనా ఆ పేరు తెచ్చుకుని ప్రింటు కొట్టొచ్చు. శ్యామల ఎప్పుడో దాచుకుంది. రాజారాం చూస్తున్నప్పుడు మాత్రం ఒక్కొక్కటి చేత్తో పెడుతున్నట్టు కనబడేది.

నిజామాబాద్ బస్టాండ్ దగ్గర ఇళ్ల ప్లాన్లు గీసే ఆ ఆఫీసు రాజారాందే. కంప్యూటర్ కొన్నాడు గానీ దాని మీద ఏనాడూ చెయ్యి వెయ్యలేదు.

"సరే, ఎట్లన్న దారి ఉన్నదేమో చూడు. లక్ష్మీరాజం వస్తుండు ఇప్పుడు," అన్నాడు. బయట ఎవరో పిలిస్తే వరండాలోకి పోయాడు.

లక్ష్మీరాజం ఎవరో శ్యామలకు తెలుసు. కంప్యూటర్ రాకముందు ఈ ఆఫీసులో ప్లాన్లన్నీ ఇంకు పెన్నుతో గీసింది ఆయనే. కంప్యూటరూ శ్యామలా వచ్చారు, ఆయన ఇంటికి పోయాడు. ఇప్పుడు ఆయన వస్తున్నాడంటే ఎవరు పోవాలో ఆమెకు అర్థమైంది. ఇంట్లో అత్త చుట్టే బీడీలు, తన జీతం. ఇంకో ఆధారం లేదు.

వరండా వైపు ఒకసారి చూసింది. పేజ్ సెటప్ తెరిచింది. దాచుకున్న పేరు మీద నొక్కి, తీసేసింది.

లక్ష్మీరాజం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"బాగున్నవా బిడ్డా?"

"బాగున్న కాకా." ఆయన మొహం వైపు చూడలేకపోయింది.

"మా అక్క కొడుకు దగ్గర మౌస్ పట్టుడు నేర్సుకున్న. గీతలు మంచిగనే వస్తున్నయి. గీ ప్రింటు కాడనే ఆగమైతున్న. జర సూపిస్తవా?"

ఆమె జవాబు చెప్పేలోపే రాజారాం లోపలికొచ్చాడు. "ముందు నువ్వే ఒకటి తియ్యి లక్ష్మీరాజం, చూద్దాం."

శ్యామల లేచింది. ఆయన కూర్చున్నాడు. వర్ని రోడ్డులో కట్టబోయే ఇంటి ప్లాను తెరిచి ప్రింటు కొట్టాడు. కాగితం వచ్చింది. ఇల్లంతా కుంచించుకుపోయి ఒక మూలకు పడింది. అన్ని గీతలూ ఒకే మందం. గోడ ఏదో, కొలత గీత ఏదో తెలియడం లేదు.

"గిట్లెందుకయింది?" అనుకుంటూ ఏదేదో మార్చి మళ్లీ కొట్టాడు. ఈసారి సగం మెట్లు కాగితం అవతలికి పోయాయి.

ఆయన నుదురు తుడుచుకున్నాడు. "ఏడ తప్పువోయిన బిడ్డా? జర సెప్పరాదు."

"చెప్తె వచ్చేది కాదు కాకా," అంది శ్యామల. "చేతికి అలవాటు కావాలె."

రాజారాం రెండు కాగితాలనూ చూసి బల్ల మీద పడేశాడు. "ఏమనుకోకు లక్ష్మీరాజం. నీతోని అయ్యేటట్టు లేదు."

"మీరేం జేస్తరు సార్."

ఆయన పాడైన కాగితాలను మడిచి జేబులో పెట్టుకున్నాడు. గడప దాకా పోయి వెనక్కి తిరిగాడు. "నువ్వు మనసుల వెట్టుకోకు బిడ్డా. నాకే వయసైపోయింది."

శ్యామల తల వంచుకుంది. ఆయన చెప్పుల చప్పుడు మెట్లు దిగేదాకా ఎత్తలేదు.

"ఇగ నువ్వు తియ్యి," అన్నాడు రాజారాం.

ఇప్పుడు నిజంగానే అన్నీ ఒక్కొక్కటిగా పెట్టుకోవాల్సి వచ్చింది. కాగితం సైజు, స్కేలు, గీతల మందం. కాగితం శుభ్రంగా వచ్చింది. గోడలు నల్లగా, కొలతలు సన్నగా, ఇల్లు కాగితం నడుమ నిలబడింది.

రాజారాం దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు. "అంటే నువ్వు లేకుంటె ఈడ ఒక్క కాగితం బయటికి రాదన్నట్టు."

"రాదు సార్," అంది శ్యామల. ఈ మాట గట్టిగానే అంది.

ఆయన తల ఊపి తన కుర్చీలోకి పోయాడు. శ్యామల గుండెల మీద నుంచి బరువు దిగింది. కంప్యూటర్ ఆపి సంచీ తీసుకుంది. ఇక బోధన్‌లోని ఇంటికి బస్సెక్కాలి. ఇల్లు చేరేసరికి ఎప్పటిలాగే పిల్ల నిద్రపోయి ఉంటుంది. పోనీ, కొలువు నిలబడింది. అదే చాలు.

చెప్పులేసుకుంటుంటే రాజారాం ఫోన్లో మాట్లాడుతున్నాడు. అవతల బోర్డులు రాసే తుకారాం.

"బోధన్ల తెరుస్తున్న మన కొత్త ఆఫీసు బోర్డు అయిందా? ... అట్లయితె ఇంకొక్క పని చెయ్యి తుకారాం. అండ్ల ఇన్‌ఛార్జ్ అని శ్యామల పేరు రాసినవు గదా, అది తుడిపెయ్."