మూడో అంశం

"ఒక ప్రతిపాదనలో ఒకే సంగతి ఉండాలి డెల్ గారూ," అంది లాయరు గ్రెటా. "తుపాకి హక్కు పక్కన మీ దుప్పి వేట లైసెన్సు రుసుము కూడా దూరిస్తే, కోర్టు రెంటినీ కలిపి చెత్తబుట్టలో వేస్తుంది."

"అయితే దుప్పితో నేనే విడిగా మాట్లాడుకుంటాలే తల్లీ," అన్నాడు డెల్, బోర్లించిన బకెట్ మీద సర్దుకు కూర్చుంటూ. కిటికీ పక్క కుర్చీ ఖాళీగానే ఉన్నా, వచ్చినప్పుడల్లా తన బకెట్ తనే తెచ్చుకుంటాడు.

వంటింటి బల్ల చుట్టూ నవ్వులు. ఇంటాయన హార్లన్ ఒక్కడే నవ్వలేదు. నాలుగు నెలలుగా ముసాయిదా రాసీ రాసీ ముసలాయన అయిపోతున్నాడు. అమెరికాలో, తూర్పు ఆరెగన్‌లోని ఆ చిన్న కౌంటీలో ఎవరి తుపాకి జోలికీ ఏ అధికారీ రాకుండా జనమే ఓటేసి చట్టం చేసుకోవాలని అతని పట్టుదల. ముందు ముసాయిదా దాఖలు చెయ్యాలి. తర్వాత దాన్ని ఓటుకి పెట్టడానికి జనం సంతకాలు. సంతకాలేమీ సంతలో దొరకవు, గడప గడపా తొక్కాలి.

చిక్కు అది కాదు. దాఖలు కాకముందే ముసాయిదా బయటికి పొక్కుతోంది. రెండుసార్లు రాశారు. రెండుసార్లూ వారం తిరక్కుండా తుపాకులకి అడ్డుకట్ట కోరే ఎదుటి జట్టు దాన్ని కరపత్రంలో అచ్చేసి, అభ్యంతరాలు సిద్ధం చేసుకుంది. రెండుసార్లూ వాళ్లు పట్టుకుంది మూడో అంశమే: "తుపాకిని సొంతదారు ఇంట్లో ఎలా ఉంచుకున్నాడని ఎవరూ అడగరాదు." తూటాల చట్టానికి పుట్టకముందే తూట్లు!

హార్లన్ భార్య మార్లా అందరికీ హకల్‌బెర్రీ పళ్లు కూరి తనే కాల్చిన పై ముక్కలు కోసిపెట్టి, కాఫీ పోసి, కిటికీ పక్క కుర్చీని తప్పుకుంటూ లోపలికి వెళ్లింది.

"మనలోనే ఒకరు," అన్నాడు హార్లన్.

"నావైపు చూడకు బాబూ," అన్నాడు పాస్టర్ ఓబర్. "ఆదివారం నేను మైకులో చెప్పేదే ఎవడూ వినడు. గుట్టుగా చెబితే వింటాడా?"

హార్లన్ చూపు డెల్ మీద ఆగింది. "మీ అమ్మాయి పోర్ట్‌లాండ్‌లో వాళ్ల జట్టులోనేగా ఉంది?"

డెల్ చేతిలో చెంచా ఆగిపోయింది. "ముప్పయ్యేళ్లు వేటలో ఒక గుడారంలో పడుకున్నాంరా. నీ గురక భరించినవాణ్ణి. ఇప్పుడు నా మీదే గురి పెడతావా?"

డెల్ పళ్లెం అవతలికి నెట్టాడు. పై ముక్క సగంలోనే మిగిలిపోయింది.

ఆ వారం హార్లన్ పాత టైపు మిషన్ ముందు కూర్చుని నాలుగు ప్రతులు కొట్టాడు. నాలుగు ప్రతులకీ నాలుగు గతులు. మూడో అంశంలో డెల్‌కి "ఇంట్లో" అని ఉంచాడు. గ్రెటాకి "నివాసంలో". పాస్టర్‌కి "గృహంలో". దాఖలు చెయ్యబోయే అసలు ప్రతిలో "తన కప్పు కింద". ముగ్గురివీ స్వయంగా వాళ్ల చేతుల్లో పెట్టాడు. అసలుదాన్ని వెనక గదిలో తుపాకుల ఇనప్పెట్టెలో ఉంచి, అంకెల తాళం తిప్పాడు. ఆ గది తుడవడం మార్లా మానేసి ఏడాది కావస్తోంది. అంతకన్నా భద్రమైన చోటు కౌంటీ మొత్తంలో లేదు.

గురువారం డెల్ వచ్చాడు. కూర్చోలేదు. కొత్త కరపత్రం బల్ల మీద పడేశాడు.

"పాస్టరూ నేనూ మా కాగితాలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాంలే. వల బాగానే అల్లావురా. ఇదిగో, చూసుకో. ఇందులో నా మాట ఉంటే నా తుపాకి కూడా నువ్వే ఉంచుకో. లేకపోతే ఈ ఏడు వేటకి నీ గుడారం నీది, నా గుడారం నాది."

మొన్న మూల వదిలేసిన తన బకెట్ తీసుకుని వెళ్లిపోయాడు.

హార్లన్ కళ్లజోడు పెట్టుకున్నాడు. డెల్ మాట కోసమే వెతికాడు, అది దొరికితే బాగుండునన్నట్టు.

"తుపాకిని సొంతదారు తన కప్పు కింద ఎలా ఉంచుకున్నాడని ఎవరూ అడగరాదట," అని ఉంది కరపత్రంలో. కింద ఇంకో వాక్యం: "ఎవరైనా అడిగి ఉంటే ఎంత బాగుండేది."

"డెల్ వెళ్లిపోయాడా? పై తినకుండానే?" అంది మార్లా పొయ్యి దగ్గర్నుంచి, వెనక్కి తిరక్కుండా.

హార్లన్ కళ్లజోడు తీశాడు. వెనక గదిలోకి నడిచాడు. ఇనప్పెట్టె మూసే ఉంది. దాని మీద గీత కూడా లేదు. తెరిచి చూస్తే కాగితం పెట్టినచోటే ఉంది.

ఆ తాళం అంకెలు హార్లన్ ఈ జన్మలో ఇద్దరికే చెప్పాడు: ఒకరు మార్లా, రెండోవాడు పోయిన అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఆ పెట్టె తానే తెరుచుకుని, అందులోని తుపాకితో కిటికీ పక్క కుర్చీని ఎప్పటికీ ఖాళీ చేసి వెళ్లిపోయిన వాళ్ల పదిహేడేళ్ల కొడుకు వేడ్.