రుబ్బుగుండు దీపం

"కరెంటు పోయినాది. నీ గుండా, మా అన్న బ్యాటరీనా, ఈ పొద్దే తేలిపోవాల!" అంటూ విస్తర్లు వేసింది పంకజాక్షి. "అన్నాలు తినేదాకా ఏది ఆరకుండా వెలిగితే అట్లాంటి దీపమే ఇంట్లో ఉంటాది. ఓడిపోయింది ఊడబెరకాల్సిందే."

పూతలపట్టులో సైకిల్ షాపు నడిపే ఆమె మొగుడు ఆదిమూలం గబగబా తాడు ముడులు సరిచూసుకున్నాడు. వేసవంతా కష్టపడి చేసుకున్న దీపం మరి! రుబ్బురోటి గుండును తాడుతో దూలందాకా ఎత్తి వదిలితే, అది మెల్లగా దిగుతూ సైకిల్ చక్రాన్ని తిప్పుతుంది. డైనమో బల్బు వెలుగుతుంది.

పంకజాక్షి అన్న జయరామ్ లారీ డ్రైవరు. లారీ బ్యాటరీని ఊడదీసి భుజాన మోసుకొచ్చాడు.

"ఇంటి ముందర ఇంత తావుంటే, లారీని ఆ మిట్ట మీద నిలిపినావేందన్నా?" అంది పంకజాక్షి.

"ఆడ గాలి బాగొస్తాదిలే పాపా!" అంటూ బల్బు తగిలించాడు జయరామ్.

రెండు బల్బులూ వెలిగాయి. ఆదిమూలం ముద్ద కలిపేలోగానే గుండు నేలకు ఆనింది. లేచి ఎత్తాడు. పప్పు వడ్డించేలోగా మళ్లీ ఆనింది. రసం దగ్గరికొచ్చేసరికి పాపం చొక్కా తడిసి ముద్దయింది. జయరామ్ మాత్రం మజ్జిగదాకా కూర్చున్నచోటి నుంచి కదిలితే ఒట్టు!

"అన్నం తింటా ఉండావా బావా, బాయిలో నీళ్లు తోడతా ఉండావా?" అని పగలబడి నవ్వాడు. "బరువులెత్తేది మన తాతల కాలం అబ్బా! బ్యాటరీని నమ్ముకో, రాజా మాదిరి కూర్చోవచ్చు."

"నా గుండు నాకిచ్చెయ్యప్పా. రేపు ఇడ్లీకి రుబ్బాల," అంది పంకజాక్షి.

ఆదిమూలానికి ఏడుపొక్కటే తక్కువ. కరెంటు వచ్చింది. జయరామ్‌ను సాగనంపి వచ్చి తాడు విప్పుదామని మొగుడూ పెళ్లాలిద్దరూ అతని వెంట మిట్ట ఎక్కారు.

జయరామ్ బ్యాటరీ బిగించి లారీ ఎక్కాడు. "బావా, ఆ చక్రం కింద రాయి తియ్యి!"

ఆదిమూలం రాయి లాగాడు. లారీ మెల్లగా పల్లానికి దొర్లుకుంటూ పోయి, సగం దూరంలో ఇంజను బుర్రుమని అందుకుంది.

"అదేంది బావా, సెల్ఫ్ కొట్టవా?" వెంట పరిగెత్తుతూ అరిచాడు ఆదిమూలం.

"ఈ బ్యాటరీతోనా? బల్బుకైతే చాలు గానీ, బండిని లేపే సత్తువ దానికి యాడిది! మిట్ట ఉండంగా నాకేం..." అంటూనే జయరామ్ నాలుక కరుచుకున్నాడు.

మిట్ట మీద పంకజాక్షి కడుపు పట్టుకుని నవ్వుతోంది.

"ఏమయ్యా, రేపు ఇడ్లీ లేదు, ఉప్మానే! ఆ గుండును ఆడే ఉండనీ!"