నేను రాసిన మూడు చిరునామాలు

మా ఊళ్ళో ఇప్పుడు ఎవరింట్లో కూర మాడినా, "లీవె వండిందా?" అంటున్నారు. లీవె అంటే నేనే.

నా భర్త మార్టెన్ సైకిల్ పందేల ఆటగాడు. బెల్జియంలో, మా ఫ్లాండర్స్‌లో అది చిన్న విషయం కాదు. చర్చిలో ఫాదర్ కూడా ప్రసంగం ముగించేముందు నిన్నటి పందెం ఊసెత్తుతాడు. అంతటి మనిషి బతుకు నా బొటనవేలి మీద ఆధారపడి ఉండేది.

ఆటగాళ్ళు బలం కోసం నిషేధించిన మందులు పుచ్చుకుంటున్నారేమో చూసే పరీక్షకులు చెప్పకుండా వస్తారు. అందుకని రోజూ ఉదయం ఆరు నుంచి ఏడు దాకా ఎక్కడుంటాడో ఆటగాడు ముందే ఫోనులో రాసిపెట్టాలి. అక్కడ దొరక్కపోతే ఒక తప్పు. ఏడాదిలో మూడు తప్పులైతే రెండేళ్ళు నిషేధం. మార్టెన్‌కి టైర్లో గాలి వెంట్రుకవాసి తగ్గినా తెలుస్తుంది గానీ, ఫారం నింపడం చేతకాదు. నేను చదువుకున్నదాన్ని కదా అని ఆ పని నాకు అప్పగించాడు.

మొదట్లో బాగానే రాశాను. పన్నెండుసార్లు వచ్చారు. పన్నెండుసార్లూ ఏ మందూ లేదనే తేలింది. మా అత్తగారు మారియెట్ ఆ కాగితాలు మాంసం కొట్టు క్యూలో అందరికీ చూపించేది.

నా మతిమరుపు యోర్బెన్ అంత్యక్రియల నాడు మొదలైందని ఆవిడ అంటుంది. యోర్బెన్ మార్టెన్ జట్టువాడే. ఇరవై ఏడేళ్ళు. పడుకున్నవాడు లేవలేదు. "గుండె బలహీనం," అనుకుంటూ అందరూ కాఫీలో చక్కెర కలుపుకున్నారు. నేను గొడుగు అక్కడే మరిచిపోయి వచ్చాను.

మరుసటి నెల, మార్టెన్ మా ఇంట్లో ఉంటే అత్తగారింట్లో ఉన్నాడని రాశాను. పరీక్షకులు వెళ్ళి ఆవిడ తలుపు తట్టారు. వేసవిలో, స్పెయిన్ శిక్షణకు వెళ్ళే తేదీ అసలుకంటే ఒకరోజు ముందుగా రాశాను. పరీక్షకులు అక్కడి హోటల్లో ఖాళీ మంచం చూసి వెళ్ళారు.

"ఆ ఫోను ఇటివ్వు అమ్మాయ్," అంది అత్తగారు. "నీ తలలో ఉన్నది మెదడా, ఉడికిన బంగాళాదుంపా?"

"బంగాళాదుంపే అత్తయ్యా. అదీ సరిగ్గా ఉడకలేదు."

మార్టెన్ నవ్వాడు. "ఊరుకో అమ్మా. మూడోసారి అలా చెయ్యదులే. ఇకమీద పైకి చదివి మరీ నొక్కుతుంది."

అలాగే చేశాను. అప్పుడే కొత్తింటికి మారాం. అతను సాధన అయ్యాక కాళ్ళ నొప్పులకి ఐసునీళ్ళ తొట్టిలో కూర్చుని వింటుంటే, "ఇంటి నెంబరు నలభై ఒకటి," అని గట్టిగా చదివాను. నొక్కింది పద్నాలుగు. నా వేళ్ళు అలాంటివి.

పద్నాలుగో నెంబరులో ఒక ముసలావిడ ఉంటుంది. పరీక్షకుల్ని గంటసేపు కూర్చోబెట్టి, కాఫీ, వాఫుల్స్ పెట్టింది. "మార్టెనా? రోజూ మా కిటికీ ముందు నుంచే పోతాడు. బంగారంలాంటి పిల్లాడు!" అని చెప్పి మరీ పంపింది.

అంతే. రెండేళ్ళు. పెళ్ళాం రాసిందంటే ఎవరూ వినరు.

జట్టు మేనేజరు ఫ్రెడి మా వంటింట్లోకే వచ్చి అరిచాడు. "సూదులు పొడుచుకునేవాళ్ళంతా దర్జాగా తిరుగుతున్నారు! పన్నెండుసార్లు మచ్చలేకుండా తేలినవాడు నీ మూలంగా ఇంట్లో కూర్చున్నాడు! వాడికి ముప్పై మూడేళ్ళమ్మా! రెండేళ్ళ తర్వాత ఎవరు తీసుకుంటారు?"

"ఎవరూ తీసుకోరా?"

"ఎవరూ తీసుకోరు!"

"ఖాయంగానా?"

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. కాఫీ పోశాను. సగం సాసర్లో పడింది.

మార్టెన్ ఇప్పుడు బీరు పీపాల లారీ నడుపుతున్నాడు. మూడు వారాలు నాతో మాట్లాడలేదు. నాలుగో వారం, వేయించిన బంగాళాదుంప ముక్కలు మయొనైజ్‌లో ముంచుకుని తింటూ, తల ఎత్తాడు. పొట్ట కొంచెం వచ్చింది.

"ఇంత చదువుకున్నావు. ఒక్క చిరునామా సరిగ్గా రాయలేకపోయావా లీవె?"

"చదువు వేరు, తెలివి వేరు," అన్నాను.

యోర్బెన్‌ని పూడ్చి వచ్చిన రోజు పాల కోసం ఫ్రిజ్ తెరిస్తే, పన్నెండు పరీక్షలకూ దొరకని మార్టెన్ సూదిమందు నాకు దొరికింది. ఆ మూడు చిరునామాలూ నేను ఎంతో ఆలోచించి రాసినవి.