ఆదివారం గరిజెలు

“ఇంకొంచెం లోపలికి పో. గోడ మూలకు చూడు.”

“మూల దాకా పోయిన. బొద్దింక తప్ప ఏం లేదు,” అన్నాడు సాయిరాం మంచం కింద నుంచి.

నిఖితకు ఏడో నెల. వంగలేదు కాబట్టి ఇంట్లో వంగే పనులన్నీ మొగుడి నెత్తిన పడ్డాయి. పొద్దున్నుంచీ ఇద్దరూ ఉంగరం వెతుకుతున్నారు. అది మామూలు ఉంగరం కాదు. అత్త గంగుబాయి తన తల్లి పెట్టిన ఉంగరాన్ని, పెళ్లినాడు స్వయంగా కోడలి వేలికి తొడిగింది. బోధన్ నుంచి వచ్చినప్పుడల్లా ముందు కోడలి కడుపు చూస్తుంది, తర్వాత ఆ వేలు చూస్తుంది. వచ్చేది ఆదివారాలు. ఇవాళ ఆదివారమే.

“నిన్న వేళ్లు ఉబ్బినయని తీసిన. ఊడి రాకపోతే గరిజెలకంటిన నూనె రాసి గుంజిన. తాంబాళంల పెట్టిన.”

“ఏ తాంబాళం?”

నిఖిత గోడకు ఆనించిన ఖాళీ తాంబాళం వైపు చూసింది. నిన్న సాయంత్రం గరిజెలన్నీ పోసుకుని, అమ్మకానికి కవర్లోకి ఒంపిన తాంబాళం అది.

ఈ అమ్మకం సంగతి కాస్త చెప్పుకోవాలి. నిఖిత నిజామాబాద్‌లో బీఎడ్ చదువుతోంది. ఉండేది మేడ మీద రేకుల గదిలో. కాన్పు ఏప్రిల్ నెలాఖరుకు, పరీక్షలు ఆ వెంటనే, అందుకని పుట్టింటికి పోవడం కుదరదు. ఆ ఎండల్లో రేకుల కింద పసిగుడ్డును ఎలా పడుకోబెట్టడం అన్నదే ఆమె బెంగ. కూలర్ కొనాలి. సెల్‌ఫోన్ల దుకాణంలో సాయిరాం జీతం అద్దెకూ మందులకూ సరిపోతుంది. అందుకే ఆమె సీనియర్ల పాత పుస్తకాలతో సరిపెట్టుకుంది, పక్కింటి పిల్లలకు ట్యూషన్ చెప్పింది, తోటివాళ్ల రికార్డుల్లో బొమ్మలు వేసిపెట్టింది. అయినా కూలర్ ఇంకా దుకాణంలోనే ఉంది.

ఇంతలో దేవుడు పంపినట్టు గరిజెలు, అదే కజ్జికాయలు, వచ్చాయి. కోడలు కడుపుతో ఉందని గంగుబాయి ప్రతి ఆదివారం స్టీలు డబ్బా నిండా తేవడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ చూస్తే, షుగరు అంచుల్లో ఉంది, తీపి ముట్టొద్దంది. ఆ ముక్క అత్తతో చెప్పే ధైర్యం ఎవరికుంది? వారమంతా బీడీలు చుట్టే మనిషి, ఉన్న ఒక్క పూట పొయ్యి ముందు కూర్చుని చేస్తోందాయె.

“తినకపోతే అమ్మెయ్ అక్కా,” అంది క్లాసులో అంకిత. ఆమె ప్రతి శనివారం భీమ్‌గల్‌కు ఇంటికి పోతూ, నిజామాబాద్ బస్టాండు దగ్గర పిండివంటలమ్మే వెంకటవ్వకు కవరు అందించేది. డబ్బులు సోమవారం తెచ్చేది.

“నీ మాల్ వస్తున్నప్పటి సంది ఆమె పొయ్యే ముట్టిస్తలేదు అక్కా. ఇట్ల వచ్చుడు, అట్ల పోవుడేనట,” అని మొన్ననే నవ్వింది కూడా.

పోయిన వారం సాయిరాం ఒకటి కొరికి ముఖం చిట్లించాడు. “మెత్తబడ్డయ్. నూనె వాసన గూడ వస్తున్నది.”

“నోరు మూసుకో. అత్తమ్మ నడుం ఇరగ చేస్తే నీకు వంకలా?” అని కసిరింది నిఖిత.

కసిరింది గానీ ఆ రోజంతా ఆమెకు మనసు మనసులో లేదు. అత్త ప్రేమను తీసుకెళ్లి బస్టాండులో అమ్ముకుంటోంది తను. ఇప్పుడు ప్రేమతోపాటు ఉంగరం కూడా పోయింది.

వెంటనే అంకితకు ఫోన్ చేసింది. కాసేపటికి ఆ పిల్లే తిరిగి చేసింది.

“అక్కా, వెంకటవ్వకు ఫోన్ చేసి అడిగిన. కవరు ఇప్పనే లేదట. కట్టింది కట్టినట్టే ఇందాక అమ్మేసిందట.”

“ఎవరికి?”

“బస్సు దిగెటోళ్లు, ఎక్కెటోళ్లు... ఎవరని చెప్తది అక్కా?”

“ఏ నవీపేట్ బస్సుల ఎవని పంటి కింద పడ్డదో,” అన్నాడు సాయిరాం దిగులుగా.

అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. కొడుకు బస్టాండుకు వస్తానంటే గంగుబాయి ఎన్నడూ ఒప్పుకోదు. పెట్రోలు దండుగంటుంది, తనే ఆటోలో వస్తుంది.

“ఏం బిడ్డా, నా మనుమరాలు తంతున్నదా?” అంటూ కడుపు చూసింది. తర్వాత వేలు చూసింది. “ఉంగరమేది?”

“వేళ్లు ఉబ్బినయ్ అత్తమ్మా. తీసి పెట్టిన.”

“పైలంగ దాసినవా?”

సాయిరాం గబగబా నీళ్లు పట్టుకొస్తానని బిందె తీసుకుని కిందికి పోయాడు. బిందె నిండుగానే ఉంది.

“సరే, ముందు ఇది తిను.” గంగుబాయి సంచిలోంచి డబ్బా తీసింది. “కోడి కుయ్యకముందే లేసిన. కొబ్బరి తురిమిన, పుట్నాలు దంచిన. ఒక్కొక్క అంచు మలిచేసరికి వేళ్లు పడిపోయినయ్. ఎవరి కోసం? నీ కోసమే గదనే!”

నిఖితకు ఏడుపు ఆగలేదు. ఇంత మంచి మనిషిని ఇంకెన్నాళ్లు మోసం చేయడం?

“అత్తమ్మా, మీకొక మాట చెప్పాలె. తిట్టినా సరే, కొట్టినా సరే.”

“కడుపుతోటున్న పిల్లను కొడతరా ఎవరన్న? తిన్నంక చెప్పు.” గంగుబాయి మూత తీసి డబ్బా ముందుకు జరిపింది. “పైనయి ఇరిగినయ్. అడుగుకెల్లి మంచిది తీస్కో.”

ఎలాగూ అంతా ఒప్పుకోబోతోంది. ఈ ఒక్కసారి అత్త మాట కాదనడం ఎందుకని, నిఖిత కళ్లు తుడుచుకుని డబ్బా అడుగుదాకా చెయ్యి పెట్టింది.

వేళ్లకు ఉంగరం తగిలింది.