రక్తం అడిగిన మేనల్లుడు

“మామా, మీ రక్తం కొంచెం పరీక్షకియ్యాలె.”

ముప్పై ఏళ్లు దాటాక మొదటిసారి మేనమామ గడప తొక్కినవాడు అడిగే మాటేనా ఇది?

వెంకటప్పయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. సత్తుపల్లి దాటాక అడవి అంచున అతనికి పామాయిల్ తోట ఉంది. ఆ తోట కాపుకొచ్చినప్పటినుంచీ కొత్త చుట్టాలంటే అతనికి అనుమానమే.

“ఇంతకూ నువ్వెవరి కొడుకువు?”

“యశోద కొడుకును. బాలకృష్ణ. పర్ణశాల నుంచి వచ్చిన.”

యశోద వెంకటప్పయ్య చెల్లెలు. కులం కాని తాపీమేస్త్రీని చేసుకొని వెళ్లిపోయింది. ఆమె చనిపోయిందని కబురొచ్చినా ఈ ఇంటినుంచి ఒక్కరూ కదల్లేదు.

“రక్తం ఎందుకు?”

“మా అమ్మ రొమ్ము క్యాన్సర్‌తోని పోయింది మామా. అది మన వంశంల ఉన్నదంట. డాక్టరమ్మ చెప్పింది. సైకిల్‌కు రెండు బ్రేకులున్నట్టు, ఒంట్ల పెరుగుడును ఆపేటియి కూడా రెండుంటయంట. మనోళ్లకు పుట్టుకతోనే ఒకటి తెగి వస్తది. రెండోది ఉన్నన్ని రోజులు ఏం కాదు. అది కూడా తెగిందంటే ఇగ ఆగేది లేదు, గడ్డ పెరుగుకుంటనే పోతది. ఆ తప్పు మీకుంటే మీ బిడ్డకూ ఉండొచ్చు.”

వెంకటప్పయ్య నవ్వాడు. “ఆడోళ్ల రోగం మగోని నుంచి వస్తదా?”

“వస్తది మామా.” బాలకృష్ణ నవ్వలేదు.

కొండమ్మ భర్తను వంటింట్లోకి పిలిచింది.

“డీఎన్ఏ పరీక్ష అంటే గిదే. సీరియల్ల చూస్తలేవా? రక్తం కలిసిందంటే కోర్టుల చెల్లె వాటా ఇయ్యాల్సిందే. ఆ గుండు చూసినవా? పని కావాలని భద్రాచలంల మొక్కుకొని మరీ వచ్చిండు.”

అంతే. ఇక ఆ మనిషి ఏం చెప్పినా వాటా దగ్గరికే వెళ్లింది.

“భూమి నాకొద్దత్తా. కావాలంటే రాసిస్త,” అన్నాడు బాలకృష్ణ.

“విన్నవా, భూమి మాట వాడే తీసిండు,” అంది కొండమ్మ.

“పరీక్ష నా ముందట వద్దు. మీకు నచ్చిన దవాఖానకే పోండ్రి.”

“ఆ దవాఖానోళ్లను కూడా మాట్లాడి పెట్టుకున్నవన్నమాట,” అన్నాడు వెంకటప్పయ్య.

గోడకు చెప్పుకున్నా కొంత నయం. బాలకృష్ణ కొండమ్మ వైపు తిరిగాడు.

“అత్తా, మీరన్న బిడ్డనడుగుండ్రి. ఛాతీల, సంకల గడ్డ ఏమన్న తగులుతున్నదేమో...”

“నోరు ముయ్యి. పెండ్లయిన ఆడిపిల్లను పట్టుకొని ఏం మాటలవి?”

పుట్టింటికొచ్చిన ఆ పిల్ల, పుష్పలత, తలుపు వెనకే ఉంది. ఆమె చెయ్యి సంక కిందికి వెళ్లింది. అక్కడ శనగగింజంత గడ్డ. కొన్నాళ్లుగా ఉంది. మొగుడికి కూడా చెప్పలేదు.

వెంకటప్పయ్య లేచాడు. “మీ అమ్మ పోయి ఇరవై ఏండ్లాయె. అప్పుడు గీ డీఎన్ఏ పరీక్షలున్నయా? మరి ఆమెకు ఆ తప్పు ఉన్నదని ఏ డాక్టర్ కనిపెట్టిండు?”

బాలకృష్ణ నోరు తెరిచాడు. గుమ్మంలో అత్త, ఆమె వెనక మరదలు, గోడ మీంచి చూస్తున్న పక్కింటి ఆడవాళ్లు. అతని ముఖం ఎర్రబడింది. తల దించుకున్నాడు.

“దొరికిండు,” అన్నాడు వెంకటప్పయ్య, అతని సంచి తీసి వీధిలోకి విసిరేస్తూ.

ఆ సాయంత్రం పుష్పలత తల్లికి చెబుదామనుకుంది. ఇప్పుడు చెబితే బావ మాట నిజమవుతుంది. నిజమైతే పరీక్ష చేయించాలి. పరీక్ష చేయిస్తే నాన్న తోట ముక్కలవుతుంది. చదువుకున్న పిల్లే, అయినా అలాగే లెక్క వేసుకుంది. నోరు కుట్టేసుకుంది.

శనగగింజ నిమ్మకాయంత అయ్యాక గానీ ఇంట్లో తెలియలేదు.

హైదరాబాద్‌లో డాక్టరమ్మ రిపోర్టులన్నీ చూసి కళ్లద్దాలు తీసింది.

“చిన్నగా ఉన్నప్పుడు తెస్తే ఆపరేషన్‌తో పోయేదండీ. ఇప్పుడు లివర్‌కు పాకింది. ఇన్నాళ్లూ ఏం చేశారు?”

కొండమ్మ కూతురి వైపు చూసింది.

“మీ వైపు ఎవరికైనా ఉందా?” అని వెంకటప్పయ్యను అడిగింది.

“నా చెల్లెకు ఉండెనంట. ఆమె కొడుకు, పర్ణశాల బాలకృష్ణ అని, వచ్చి చెప్పిండు. మేమే నమ్మలే.”

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపింది.

“ఆయన మేనమామ మీరేనా?”

వెంకటప్పయ్యకు దుఃఖం, కోపం కలిసి వచ్చాయి. ఎవరి మీద కోపమో అతనికే తెలియలేదు.

“అడిగిన దానికి సరిగ్గ జవాబు చెప్తే వినకపోదుమా అమ్మా? తల దించుకొని నిలబడ్డడు. దొంగే అనుకున్నం. వాని నంబరుంటే ఇయ్యుండ్రి. కాళ్లు పట్టుకుంట.”

“పోయిన నెల చనిపోయాడండీ. మావాళ్లొస్తే ఏదీ దాచకుండా చెప్పమన్నాడు.”

“ఏమైంది వానికి?” అంది కొండమ్మ.

“రొమ్ము క్యాన్సరేనమ్మా. మీ వంశంలోని తప్పు బయటపడింది అతని రక్తంలోనే,” అంది డాక్టరమ్మ మెల్లగా. “మీ ఊరొచ్చి మీకు చెప్పి వస్తానని, నేను వద్దంటున్నా, ఆ వారం కీమో మానుకొని బస్సెక్కాడు.”