ఇటుకలు బయటికొచ్చాక

కొత్తాయన వచ్చీరాగానే వెళ్ళి ఆమె స్టూలు మీద కూర్చున్నాడు.

అది ఫర్నేస్ ఎదుటి స్టూలు. ఇన్నేళ్ళలో దాని మీద ఆమె తప్ప ఎవరూ కూర్చోలేదు. కూర్చోవాలని ఎవరికీ తోచలేదు కూడా, అక్కడంత వేడి మరి.

అయినా ఆమెకు సింహాసనం పోయినంత పనైంది.

"అది నా స్టూలండీ."

"అయ్యో, కూర్చోమ్మా," అంటూ ఆయన చప్పున లేచాడు. మాట గుసగుసగా తప్ప పైకి రాలేదు.

ఆ ఫ్యాక్టరీ పొగగొట్టంలో తేనెపట్టులా సన్నటి రంధ్రాలున్న క్యాటలిస్టు ఇటుకలుంటాయి. పొగలోని విషాన్ని అవి విరిచేస్తాయి. అయితే ఇంధనంలోని గంధకం మెల్లమెల్లగా వాటికి పట్టేసి, వాటి పని వాటిని చేసుకోనివ్వదు. అలా పాడైన ఇటుకల్ని కడిగి, సన్నటి సెగ మీద గంధకాన్ని వదిలించి, మళ్ళీ పనిలో పెట్టడం ఆమె ఉద్యోగం. అక్కడ ఆ పని తెలిసింది తనొక్కతికేనని ఆమెకు గర్వం. నిజమే కాబట్టి ఎవరూ కాదనేవారు కారు.

ఈమధ్య వస్తున్న ఇంధనంలో గంధకం మరీ ఎక్కువైంది. ఇటుకలు గుట్టలు పడ్డాయి. మేనేజర్ బయటి నుంచి మనిషిని పిలిపించాడు.

"నా మీద నమ్మకం లేకనా సార్?"

"నమ్మకం లేక కాదమ్మా. ఇంకో చెయ్యి తోడుంటే నీకే తేలికని."

ఆ ఇంకో చెయ్యి ఆమెకు కంట్లో నలుసైంది.

పైగా ఆయన మాట వినపడాలంటే దగ్గరికి వెళ్ళాలి. దాంతో జనమంతా బెల్లం చుట్టూ ఈగల్లా ఆయన చుట్టే.

"నువ్వూ రా అక్కా, భలే చెప్తున్నాడు. పాపం, ఏదో ఆపరేషనై గొంతు పోయిందట," అన్నాడు ఫిట్టర్.

"నాకు చెవుడొచ్చింది, పో," అందామె.

ఆమెకూ ఒక గురువుండేవాడు. వేరే ఊళ్ళో ఫర్నేస్ చూసే పెద్దాయన. చేరిన కొత్తలో పని చేతకాక ఏడుస్తుంటే, ఎవరో ఆయన నంబరిచ్చారు. ముఖం ఎన్నడూ చూడలేదు. పేరడిగితే, "పేరుతో పనేంటి, పని నేర్చుకో," అనేవాడు. ఖంగుమనే గొంతు.

"ఏం చిన్నమేస్త్రీ, ఇవాళేం మాడగొట్టావు?" అని నవ్వేవాడు. ఆ పిలుపు వాళ్ళిద్దరికే తెలుసు.

"గంధకం పట్టినదాన్ని బతికించొచ్చు. మాడినదాన్ని దేవుడు దిగొచ్చినా బతికించలేడు. తొందరపడకు," అనేవాడు.

నిరుటి నుంచి ఆయన ఫోన్ ఎత్తడం లేదు. కొత్త శిష్యులెవరో దొరికుంటారని, ఆ లేని శిష్యుల మీద కూడా ఆమె కొన్నాళ్ళు కుళ్ళుకుంది.

ఇటుకలు కడిగిన రోజు కొత్తాయన ఒకదాన్ని నోటి దగ్గర పెట్టుకుని ఊదాడు. అవతలి వైపు అరచెయ్యి అడ్డం పెట్టి, గాలి తగులుతోందా లేదా అని చూశాడు.

ఆమె గుండె భగ్గుమంది. గురువు తనకు మాత్రమే నేర్పిన పద్ధతది.

'దొంగ! నేను చేస్తుంటే చూసి పట్టేశాడు. రేపు తనదేనంటాడు.'

సాయంత్రం ఆయనే ఆమె దగ్గరికొచ్చాడు.

"నీకో మాట చెప్పాలమ్మా."

"ఏ మాటైనా ఇటుకలు బయటికొచ్చాక చెప్పండి."

ఆయన ముఖం వెలిగింది. "అదీ బాగానే ఉంది. బయటికొచ్చాకే చెప్తాను."

ఆ నవ్వు చూసేసరికి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇకమీదట ఈ ఫర్నేస్ నాదే అని చెప్పడానికేగా ఆ సంబరం!

మర్నాడు ఆయన చేతుల మీదుగా ఇటుకలు ఫర్నేస్‌లోకి వెళ్ళాయి. అందరూ భోజనాలకు వెళ్ళారు. ఆమె మాత్రం కదల్లేదు. ఒక్క విడత ఇటుకలు పోతే పోయేదేముంది, ఆయన పరువేగా అనుకుంది. వేడి పెంచే నాబ్ మీద చెయ్యి వేసి గిర్రున తిప్పేసింది. జనం తిరిగొచ్చేలోపు యథాస్థానానికి తెచ్చిపెట్టింది. తను బతికించాల్సిన ఇటుకల్ని తనే మాడ్చడం ఆమెకదే మొదటిసారి.

తలుపు తీస్తే లోపల ఇటుకలు రంగు మారి, కుంచించుకుపోయి, బీటలిచ్చి ఉన్నాయి.

"వేడి ఎవరు పెంచారు?" అని మేనేజర్ అరిచాడు.

కొత్తాయన ఒక ఇటుకను తిప్పితిప్పి చూశాడు. తరవాత ఆమె వైపు చూశాడు. ఆమె గోడ వైపు చూసింది.

"నేనే," అన్నాడాయన. అందరూ దగ్గరికి జరిగితేగాని ఆ మాట వినపడలేదు. "తొందరపడ్డాను. తప్పు నాదే."

ఆమెకు సిగ్గేసింది. సిగ్గు కంటే సంతోషమే ఎక్కువైంది.

మర్నాటికి ఆయన లేడు. స్టూలు ఆమెదైంది. సగం రోజు హాయిగానే గడిచింది. ఆ తరవాత ఏదో గుచ్చుకుంటున్నట్టనిపించి, అటుగా వచ్చిన మేనేజర్‌ను ఆపింది.

"ఆయన నాకేదో చెప్పాలన్నాడు సార్. మీకేమైనా చెప్పి వెళ్ళాడా?"

"నీ గురించేం చెప్పలేదమ్మా. రిటైరై ఇంట్లో కూర్చున్న మనిషి, మన ఫ్యాక్టరీ అనగానే నేనే వస్తానని పట్టుబట్టి వచ్చాడు. చివరికిలా అయింది."

ఆమె తల వంచుకుని, కడిగిన ఇటుక ఒకటి తీసి ఊదింది. అరచేతికి గాలి తగిలింది.

గుమ్మం దాకా వెళ్ళిన మేనేజర్ వెనక్కి తిరిగాడు.

"అన్నట్టు, బస్సెక్కేముందు ఒక మాట మాత్రం ఒకటికి రెండుసార్లు చెప్పాడు, 'చిన్నమేస్త్రీని ఏమీ అనకండి' అని. ఇంతకీ మన దగ్గర ఆ చిన్నమేస్త్రీ ఎవరమ్మా?"