గ్యాప్ ఉండాలి

"కుందేలు అరుపు ఆపకుండా వేస్తే నక్కకి అనుమానం వస్తుంది. మధ్యలో గ్యాప్ ఉండాలి. అప్పుడు నమ్మి, ఆకలి మీద ఉన్నది పరిగెత్తుకొస్తుంది," అన్నాడు ఫణి, జంతువుల్ని పిలిచే కొత్త స్పీకర్‌ని భార్య శ్రీవిద్య చేతిలో పెడుతూ.

ట్రాయ్ ఊళ్లో వాళ్ల ఇంటి వెనకాల ఒక నక్క తిరుగుతోంది. దాన్ని ఎలాగైనా ఫొటో తీయాలని అతని పట్టుదల. శ్రీవిద్య ఆఫీసులో చేసేది ఆటోమేషనే కాబట్టి, ఏ శబ్దం తర్వాత ఏది రావాలో ప్రోగ్రామ్ చేసే పని ఆమెకి అప్పగించాడు.

"మన సొంత రికార్డింగులు కూడా ఎక్కించొచ్చా?" అంది.

"ఏదైనా ఎక్కించొచ్చు."

శనివారం పొద్దున స్పీకర్‌ని వంటింటి కిటికీ కింద పెట్టి, కెమెరాతో పెరట్లో షెడ్డులో దాక్కున్నాడు. కుందేలు అరిచింది, ఆగింది, మళ్లీ అరిచింది. మధ్యాహ్నం దాటినా నక్క జాడ లేదు. అతని కడుపులో మాత్రం ఎలుకలు పరిగెడుతున్నాయి.

అప్పుడు ఇంటివైపు నుంచి కుక్కర్ విజిల్ వినిపించింది. కాసేపు ఏమీ లేదు. మరో విజిల్. ఆ తర్వాత నూనెలో ఆవాలు చిటపటలాడాయి.

కెమెరా అక్కడే వదిలేసి ఒక్క పరుగున వంటింట్లోకి వచ్చాడు.

స్టవ్ మీద ఏమీ లేదు. కుక్కర్ సింకు పక్కన బోర్లించి ఉంది. ఆవాలు మాత్రం కిటికీ కింద ఇంకా చిటపటలాడుతూనే ఉన్నాయి.

శ్రీవిద్య సోఫాలోంచి లేవకుండానే అంది.

"నువ్వు చెప్పింది నిజమే ఫణీ, గ్యాప్ ఉండాలి. నోటితో పిలిస్తే ఒక్క శనివారం కూడా వంటింట్లోకి రాలేదు. ఇవాళ వంట నీ వంతు, బియ్యం కడుగు."